మోజెల్ లోయలో మూడు రోజులు: కారు లేకుండా వైన్ రుచులు, తిండి, కొండదారులు

కొత్తపాస్‌పోర్ట్:
నమస్కారమండీ. సెప్టెంబరు ఆఖరి వారంలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మూడు రోజులు వైన్ ఊళ్లు చూసి రావాలని ఆలోచన. నలుగురం. ఒకరు పూర్తి శాకాహారి, ఒకరు అసలు తాగరు. కారు లేదు. ముగ్గురికి డాయిచ్‌లాండ్ టికెట్ (రీజనల్ రైళ్లకూ బస్సులకూ నెలవారీ పాసు) ఉంది, ఒకరికి లేదు. రైన్ ఒడ్డున ఉన్న రైన్‌గౌ వైన్ ప్రాంతం దగ్గర కాబట్టి అక్కడికే పోవాలా, మోజెల్ నది లోయ దాకా వెళ్లాలా? మోజెల్ అయితే ఒక రోజు ట్రియర్, ఒక రోజు బెర్న్‌కాస్టెల్, ఒక రోజు కోఖెమ్ అనుకుంటున్నాం. టేస్టింగ్‌కి ముందే చెప్పాలా, నేరుగా తలుపు తట్టొచ్చా?

రైలుకిటికీ:
రైన్‌గౌ ఒక్క రోజు పని. పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే సుమారు గంటంపావులో రూడెస్‌హైమ్, రాత్రికి ఇంట్లో ఉంటారు. మూడు రోజులు చేతిలో ఉంటే మోజెలే. కానీ మీ పథకంతో మూడు రోజులూ ప్లాట్‌ఫారాల మీదే గడుస్తాయి. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా రైలు దారి 110 కిలోమీటర్ల పైచిలుకు. నది మెలికలు తిరుగుతూ అదే దూరానికి 190 కిలోమీటర్లు పోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కోబ్లెంజ్ నుంచి వచ్చే మెయిన్ లైన్ ప్యూండెరిష్ దాటగానే నదిని వదిలేసి విట్లిష్ మీదుగా వెళ్లి, మళ్లీ ష్వైష్ దగ్గరే నదిని కలుస్తుంది. పేరున్న తోటలన్నీ, అంటే బెర్న్‌కాస్టెల్, వేలెన్, ఉర్ట్సిష్, పీస్పోర్ట్, ఈ మధ్య భాగంలోనే ఉన్నాయి. అక్కడ నది ఒడ్డున రైలు లేదు. ఒకప్పుడు ట్రియర్ నుంచి బుల్లాయ్ దాకా ఒడ్డు వెంబడే చిన్న రైలు నడిచేది. 1960లలో మూసేశారు. ఆ పట్టాల దారి చాలాచోట్ల ఇప్పుడు సైకిల్ బాట.

మ్యాప్‌లో 'ఉర్ట్సిష్' స్టేషన్ కనిపిస్తుంది, నమ్మకండి. అది ఊరికి చాలా దూరం. 'విట్లిష్ హౌప్ట్‌బాన్‌హోఫ్' కూడా విట్లిష్ పట్టణంలో లేదు, పక్కనున్న వెంగెరోర్‌లో ఉంది. అయితే బెర్న్‌కాస్టెల్ బస్సు ఆ స్టేషన్ ముందు నుంచే బయల్దేరుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అరగంట చిల్లర ప్రయాణం.

నా మాట వింటే ట్రాబెన్-ట్రార్బాఖ్‌లో రెండు రాత్రులు దిగండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్ మీదుగా కోబ్లెంజ్ వెళ్లే రీజనల్ రైలు ఎక్కి కుడివైపు కూర్చోండి, రైన్ లోయ కోటలూ లోరెలై బండా అటే ఉంటాయి. కోబ్లెంజ్‌లో మారాక ఎడమవైపు కూర్చోండి. కోఖెమ్ దాటగానే 4.2 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. బయటపడగానే నదిమీద వంతెన, అవతల నేఫ్. బుల్లాయ్‌లో దిగి, ట్రాబెన్‌కి వెళ్లే బుల్లి బ్రాంచి రైలు ఎక్కండి, ఇరవై నిమిషాలు.

టికెట్ లేని నాలుగో మనిషికి రైన్‌లాండ్-ఫాల్ట్స్ (ఈ లోయ ఉన్న రాష్ట్రం) డే టికెట్ చాలు. రెండు షరతులు: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్ ముక్కకు వేరే టికెట్ కావాలి. డాయిచ్‌లాండ్ టికెట్ (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) రీజనల్ రైళ్లకూ బస్సులకూ చెల్లుతుంది. ఐ.సి.ఇ., ఐ.సి. లాంటి దూరప్రయాణపు వేగం రైళ్లు ఎక్కితే జరిమానా.

మైంజ్_బాబాయ్:
కోఖెమ్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. పెద్దవాళ్లుంటే అదే సుఖం. మెయిన్ లైన్ మీదే స్టేషన్, కొండమీదికి కుర్చీల రోప్‌వే, పడవలు, కోట, అన్నీ నడక దూరంలో ఉంటాయి. ఆ కోట పాతదనుకుంటారు గానీ, ఫ్రెంచి సైన్యం 1689లో పేల్చేస్తే బెర్లిన్ వ్యాపారి ఒకాయన 1868లో కొని మళ్లీ కట్టించాడు. బొమ్మకోటలా ఉందని ముక్కు విరిచేవాళ్లున్నారు, ఫొటోకి మాత్రం అదిరిపోతుంది.

రైలుకిటికీ:
చూడ్డానికి కోఖెమ్, తాగడానికి మధ్య మోజెల్. తిరుగు ప్రయాణంలో మూడు గంటలు ఆగితే కోఖెమ్ అయిపోతుంది. వారాంతాల్లో టూర్ బస్సులు దిగాక ఆ సందుల్లో నడవడమే కష్టం.

ట్రోకెన్_తాత:
టేస్టింగ్ సంగతి నేను చెబుతాను.

సెప్టెంబరు చివరంటే కోత మొదలయ్యే రోజులు. చిన్న వైన్‌గూట్‌లలో (వైన్ ఎస్టేట్లలో) ఇంటిల్లిపాదీ తోటలోనో, ద్రాక్ష పిండే ప్రెస్ దగ్గరో ఉంటారు. తలుపు తడితే ఎవరూ పలకరు. రెండు మూడు వారాల ముందు మెయిల్ రాయండి. అందులో నాలుగు ముక్కలుంటే చాలు: ఎంతమంది, ఏ రోజు ఏ గంటకు, ట్రోకెన్ (తీపి లేనివి) కావాలా తీపివి కావాలా రెండూనా, ఇంగ్లిష్‌లో మాట్లాడగలరా. జవాబు రాకపోతే ఫోన్ చేయండి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చేయొద్దు, భోజనాల వేళ. ఆదివారం చాలామంది మూసేస్తారు. లోకమంతటా పేరున్న ఎస్టేట్లు కొన్ని అసలు సందర్శకులనే తీసుకోవు, అలాంటి చోట మెయిల్‌కి జవాబు రాలేదని బాధపడక్కర్లేదు.

సాధారణంగా ఆరు రకాలు పోస్తారు. ఒక్కోటి 50 మిల్లీలీటర్లనుకున్నా మొత్తం 300, అంటే దాదాపు అరసీసా. అందుకే బల్లమీద ఉమ్మడానికి పాత్ర పెడతారు. వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు, సంతోషిస్తారు కూడా. రోజుకి రెండు ఎస్టేట్లు చాలు. మూడోదానికి నాలుక మొద్దుబారుతుంది, అక్కడ కొన్న సీసా ఇంటికొచ్చాక వేరే రుచిగా తోస్తుంది.

రుసుము ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొందరు మనిషికి ఇంతని తీసుకుని, సీసాలు కొంటే బిల్లులో తగ్గిస్తారు. కొందరు అసలు తీసుకోరు, అలాంటిచోట మనిషికి ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద. ఆ రోజు సెంటు పూసుకోకండి, గదిలో అందరి గ్లాసూ పాడవుతుంది. తాగనివాళ్లకి 'ట్రౌబెన్‌జాఫ్ట్' అడగండి. సొంత ద్రాక్షతో పిండిన రసం చాలా ఎస్టేట్లలో ఉంటుంది, దుకాణంలో డబ్బా రసానికీ దీనికీ పోలికే లేదు.

కొత్తపాస్‌పోర్ట్:
తాతగారూ, చాలా థాంక్స్. లేబుల్ చూస్తే తల తిరుగుతోంది. కబినెట్, ష్పేట్‌లేజె, ట్రోకెన్, ఫైన్‌హెర్బ్... ఏది తీపి, ఏది కాదు?

ట్రోకెన్_తాత:
రెండు వేర్వేరు కొలతల్ని ఒకే లేబుల్ మీద రాస్తారు, గందరగోళమంతా అక్కడే.

మొదటిది పండు కోసినప్పుడు రసంలో చక్కెర ఎంతుందో చెప్పేది: కబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె, బేరెన్‌ఔస్‌లేజె, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె. ఇది పండు సంగతి, సీసాలో మిగిలిన తీపి సంగతి కాదు. ఐస్‌వైన్ విడిగా ఒక మెట్టు. తీగమీదే పండు మైనస్ 7 డిగ్రీలకో ఇంకా కిందికో గడ్డకట్టాక కోసి, కరగకముందే పిండాలి. చలికాలాలు వెచ్చబడటంతో అది అరుదైపోయింది.

రెండోది సీసాలో మిగిలిన చక్కెర. ట్రోకెన్ అంటే లీటరుకు 9 గ్రాముల లోపు, అది కూడా పులుపు తగినంత ఉంటేనే. హాల్బ్‌ట్రోకెన్ 18 గ్రాముల దాకా. ఫైన్‌హెర్బ్‌కి చట్టంలో హద్దు లేదు, తయారుచేసినవాడి ఇష్టం. ఏమీ రాయకపోతే, ముఖ్యంగా మోజెల్‌లో, తీపిదే అనుకోవచ్చు. ఇక 'ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె'లో ట్రోకెన్ అన్నది ఎండిన పండు గురించి. పాకంలా ఉంటుంది. పేరు చూసి తీపి లేదనుకునేరు.

ఇవన్నీ గుర్తుండకపోతే ఆల్కహాల్ శాతం ఒక్కటి చూడండి. రీస్లింగ్‌లో (ఇక్కడి ముఖ్యమైన తెల్లద్రాక్ష రకం) 7.5 నుంచి 9 ఉంటే చక్కెర మిగిల్చారు, తీపి. 11.5 దాటితే చక్కెరంతా ఆల్కహాల్ అయిపోయింది, ట్రోకెన్. నడుమ ఉంటే ఫైన్‌హెర్బ్ దరిదాపు. జర్మన్ రాకపోయినా దుకాణంలో ఈ లెక్క తప్పదు.

ఇంకో ఉచ్చు ఊరి పేరు. 'పీస్పోర్టెర్ గోల్డ్‌ట్రోప్‌షెన్' అంటే పీస్పోర్ట్‌లో ఒక నిర్దిష్టమైన కొండవాలు. 'పీస్పోర్టెర్ మిషెల్స్‌బెర్గ్' అంటే చుట్టుపక్కల ఊళ్లవన్నీ కలిసిన పెద్ద ప్రాంతం, పీస్పోర్ట్ పండు ఒక్కటి లేకపోయినా ఆ పేరు పెట్టుకోవచ్చు. 1971 వైన్ చట్టం తెచ్చిన తంటా ఇది. 'బెర్న్‌కాస్టెలెర్ కూర్‌ఫ్యుర్స్ట్‌లై', 'ట్సెల్లెర్ ష్వార్ట్సె కాట్స్' కూడా ఇదే కోవ. గొంతు దగ్గర ద్రాక్షగుత్తితో గద్ద బొమ్మ ఉంటే వి.డి.పి. అనే వైన్ ఎస్టేట్ల సంఘం సభ్యులది, వాళ్ల దగ్గర ఇలాంటి గ్రోస్‌లాగె (పెద్ద ప్రాంతం) పేర్లు ఉండవు. ఆ సీసామీద 'జి.జి.' అని ఉంటే ఆ ఎస్టేట్ పైమెట్టు తోటలో పండిన ట్రోకెన్ అని అర్థం.

ఒకే పేరుతో ఒకే ఏడాదివి రెండు సీసాలు రెండు ధరలకు కనిపిస్తే వెనక ఎ.పి. నంబరు (అధికారిక పరీక్ష నంబరు) పోల్చండి. చివరి రెండంకెలు పరీక్ష జరిగిన సంవత్సరం, వాటి ముందున్నది ఆ ఎస్టేట్ పంపిన వరుస సంఖ్య. అది వేరైతే వైన్ వేరు.

ఉల్లిగారెలు:
మోజెల్ వైన్ మూతి దగ్గర పెట్టుకుంటే అగ్గిపుల్ల వాసన, కొన్ని పాత సీసాల్లో పెట్రోలు వాసన వస్తుందంటారు. పాడైనట్టా? అడుగున చక్కెర పలుకుల్లాంటివి కూడా ఉంటాయట.

ట్రోకెన్_తాత:
మూడూ పాడైనట్టు కాదు. అగ్గిపుల్ల వాసన కుర్ర వైన్‌కి ఉంటుంది. తోటలోనూ గదిలోనూ ఉన్న ఈస్టుతోనే పులియబెట్టేవాళ్ల దగ్గర ఎక్కువ. గ్లాసు గుండ్రంగా తిప్పి పది నిమిషాలు వదిలేస్తే పోతుంది. పెట్రోలు వాసన ముదిరిన రీస్లింగ్ లక్షణం, కొందరు దానికోసమే కొంటారు. ఎండ మండిన ఏళ్లలో తొందరగా వస్తుంది. అడుగు పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణాలు, చల్లబడితే పేరుకుంటాయి, హాని లేదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా దోషం, మొహమాటపడకుండా చెప్పండి, వేరే సీసా తీస్తారు.

ఇంకోటి. 2024 ఏప్రిల్‌లో మంచు పడి మోజెల్, జార్, రూవెర్ తోటలు బాగా దెబ్బతిన్నాయి. ఆ ఏడాది వైన్ కొందరి దగ్గర చాలా తక్కువ, జాబితాలో లేదంటే కారణమదే. 2018, 2022 ఎండ కాసిన ఏళ్లు, పండు బరువు. 2021 చల్లటి ఏడాది, పులుపు పదును. నిమ్మకాయ పిండినట్టుండే రీస్లింగ్ ఇష్టమైతే 2021 కబినెట్ వెతకండి.

పెసరట్టు_ఉప్మా:
తిండి గురించి, ముఖ్యంగా శాకాహారి గురించి.

గండం పేరు ష్పెక్, అంటే పొగబెట్టిన పందికొవ్వు ముక్కలు. జర్మన్ వంటమనిషి లెక్కలో అది మాంసం కిందికి రాదు, తాలింపు కిందికి వస్తుంది. వేయించిన బంగాళాదుంపల్లో ఉంటుంది, పచ్చి సలాడ్ మీద చల్లుతారు, కొత్త వైన్‌తో ఇచ్చే ఉల్లిపాయ పైలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 'వెజిటారిష్' అని ఊరుకోకుండా 'ఓనె ష్పెక్, ఓనె షింకెన్' (ష్పెక్ వద్దు, హామ్ వద్దు) అని కూడా చెప్పండి. భయం లేకుండా తినదగ్గవి: కూరగాయలో జున్నో వేసిన ఫ్లామ్‌కూఖెన్ (పలచటి రొట్టెమీద పుల్లటి మీగడ), కేజె-ష్పెట్స్‌లె (జున్ను కలిపిన నూడుల్స్), జున్ను పళ్లెం. విన్ట్సెర్‌టెల్లెర్ అంటే సాసేజీలు, హామ్ ఉన్న పళ్లెం, అది మిగతా ముగ్గురికి. కోబ్లెంజ్ వైపు డెప్పెకూఖెన్ దొరుకుతుంది, తురిమిన బంగాళాదుంపను ఇనుప గిన్నెలో పైన కరకరలాడేలా కాలుస్తారు, మామూలుగా అందులోనూ ష్పెక్ వేస్తారు.

మరీ నిష్ఠగా ఉండేవాళ్లకి ఇంకో మాట. వైన్‌ని తేటపరచడానికి జెలటిన్, చేప తిత్తి, గుడ్డు తెల్లసొన వాడే పద్ధతి ఉంది. సీసామీద 'వేగన్' గుర్తు లేకపోతే అడగండి. చాలామంది ఇప్పుడు మట్టితో, బఠాణీ ప్రొటీన్‌తో తేటపరుస్తున్నారు, అడిగితే చెబుతారు.

తినే చోటు విషయానికొస్తే, ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ వదలకండి. రైతు తన వాకిట్లో ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, 40 కుర్చీలకు మించకుండా నడుపుకొనే చోటు. సొంత వైన్, తేలికపాటి తిండి. గుమ్మానికి కొమ్మల గుత్తి కడితే తెరిచినట్టు. ధర రెస్టారెంట్ కంటే తక్కువ. నగదు పట్టుకెళ్లండి, కార్డు మెషీన్ ఉంటుందన్న నమ్మకం లేదు. సాయంత్రం 8 దాటితే వంట కట్టేసే చోట్లు ఎక్కువ. సోమ, మంగళవారాలు సెలవు పెట్టేవాళ్లూ ఎక్కువే.

మీరు వెళ్లే రోజుల్లోనే ఫెడర్‌వైసర్ వస్తుంది. ఇంకా పులుస్తూనే ఉన్న మబ్బు మబ్బుగా ఉండే ద్రాక్షరసం. తియ్యగా సోడాలా దిగిపోతుంది, కానీ ఆల్కహాల్ 4 శాతం నుంచి రోజురోజుకీ పెరుగుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో వద్దు. మూత కావాలనే వదులుగా పెడతారు. బిగించారో, అడ్డంగా సంచిలో పడుకోబెట్టారో, రైల్లో పేలుతుంది లేదా కారుతుంది.

గోంగూర_జర్మనీ:
మన కారం కూరలతో ఏది నప్పుతుందో కూడా చెప్పండి, తెచ్చుకున్నాక ఇంట్లో తెరవాలి కదా.

పెసరట్టు_ఉప్మా:
తీపి కబినెట్ లేదా ఫైన్‌హెర్బ్. ఆల్కహాల్ కారాన్ని రెచ్చగొడుతుంది, చక్కెర చల్లారుస్తుంది. అందుకే 13 శాతం ట్రోకెన్‌తో కోడివేపుడు తింటే నోరు మండిపోతుంది, 8 శాతం కబినెట్‌తో అదే వేపుడు హాయిగా దిగుతుంది. గోంగూర లాంటి పుల్లకూరకి ట్రోకెన్ పెట్టకండి, పులుపు మీద పులుపు. ష్పేట్‌లేజె పెట్టండి. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం చాలు, ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి పోయండి.

కొండదారి:
చూడాల్సినవాటికి నా వంతు.

ట్రాబెన్ నుంచి బెర్న్‌కాస్టెల్‌కి నది వెంబడి సుమారు 24 కిలోమీటర్లు. కొండ దాటి నడిస్తే దానిలో మూడో వంతు కూడా ఉండదు. నది అంత పెద్ద చుట్టు తిరుగుతుంది. రెండో రోజుకి ఇదే సరిపోతుంది: పొద్దున సైకిళ్లు అద్దెకు తీసుకుని ఒడ్డు వెంబడి క్రోవ్, ఉర్ట్సిష్, ట్సెల్టింగెన్, వేలెన్ మీదుగా బెర్న్‌కాస్టెల్. బాట చదునుగా ఉంటుంది, ఎక్కుళ్లు లేవు. ఉర్ట్సిష్ దగ్గర ఎర్రమట్టి, వేలెన్ దగ్గర నీలం పలకరాయి, రెండూ కళ్లకే తెలుస్తాయి. ఆ పలకరాయి పగలు ఎండను పట్టి రాత్రి వదులుతుంది, ఇంత ఉత్తరాన ద్రాక్ష పండటానికి అదొక కారణం. ప్రతి తీగకీ విడిగా గుంజ పాతి, రెండు కొమ్మల్ని హృదయాకారంలో వంచి కట్టడం కూడా గమనించండి. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప తీగల వరసలొచ్చాయి గానీ నిట్టనిలువు వాలుల్లో పాత పద్ధతే.

వేలెన్ ఊరు ఒక ఒడ్డున, దాని పేరున్న తోట అవతలి ఒడ్డున ఉంటాయి. ఆ వాలు మధ్యలో 1842లో కట్టిన నీడగడియారం ఉంది, ఆ తోటకి 'జొన్నెనూర్' (నీడగడియారం) అన్న పేరు దాన్నిబట్టే. వాలు నైరుతి ముఖం కాబట్టి ఫొటోకి మధ్యాహ్నం తర్వాత వెళ్లండి. పొద్దున వెళితే నీడలో ఉంటుంది. ట్సెల్టింగెన్ దగ్గర ఆకాశంలో కనిపించేది 2019లో తెరిచిన హోఖ్‌మోజెల్ వంతెన. 1.7 కిలోమీటర్ల పొడవు, 158 మీటర్ల ఎత్తు. వేర్లకు నీరందే దారి దెబ్బతింటుందని వైన్ రైతులు ఏళ్ల తరబడి దాన్ని వ్యతిరేకించారు.

తిరుగు దారికి పడవ. సుమారు రెండు గంటలు, ట్సెల్టింగెన్ లాక్‌లో (నీటిమట్టం మార్చే గేట్ల తొట్టి) పడవ దిగడం చూడొచ్చు. సైకిల్‌కి అదనంగా కట్టాలి. ఆఖరి పడవ సాయంత్రానికే వెళ్లిపోతుంది, బోర్డు చూసుకున్నాకే బెర్న్‌కాస్టెల్ సందుల్లోకి వెళ్లండి. అవతల కూస్‌లో కార్డినల్ నికొలస్ కుజానుస్ 15వ శతాబ్దంలో పెట్టిన వృద్ధాశ్రమం ఉంది. దానికి సొంత తోటలున్నాయి, నేటికీ నడుస్తోంది. అరగంట కేటాయించండి.

కాల్మోంట్ గురించి అడుగుతారని తెలుసు. బ్రెమ్ ఊరి పైన 65 డిగ్రీల దాకా వాలున్న తోట. ఎడిగెర్-ఎల్లెర్ స్టేషన్లో దిగి ఇనుప నిచ్చెనలూ తాళ్లూ పట్టుకుని దాటే దారి ఒకటుంది, రెండు మూడు గంటలు. వానపడితే పలకరాయి సబ్బులా జారుతుంది, అసలు వద్దు. టేస్టింగ్ తర్వాత అంతకంటే వద్దు. పైదారిలో శిలువ దాకా నడిచినా నది మెలిక అంతే బాగా కనిపిస్తుంది.

మైంజ్_బాబాయ్:
సైకిల్ అన్నారు కాబట్టి చట్టం కూడా తెలియాలి. కారుకి 0.5 ప్రమిల్లె (రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి ఇంత అనే కొలత) హద్దు, 21 ఏళ్ల లోపువాళ్లకీ లైసెన్సు పరీక్షాకాలంలో ఉన్నవాళ్లకీ సున్నా. సైకిల్‌కి 1.6 అంటారు గానీ, తూలినా ఎవరినైనా గుద్దినా 0.3 నుంచే కేసు. పొద్దున సైకిల్, టేస్టింగ్ మధ్యాహ్నం, తిరుగు పడవ: కొండదారి గారు చెప్పిన వరస అందుకే బాగుంది.

గోంగూర_జర్మనీ:
ఇండియాకి ఎన్ని సీసాలు పట్టుకెళ్లొచ్చు?

రైలుకిటికీ:
మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడోది పెడితే 2.25, హద్దు దాటింది. తీపి రకాలు 375 మిల్లీలీటర్ల అరసీసాల్లోనూ వస్తాయి, మూడోదానికి బదులు అదొకటి. నిండు సీసా సుమారు 1.2 కిలోలు తూగుతుంది. చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, బట్టల మధ్య, అంచులకు దూరంగా. మోజెల్ సీసా మెడ పొడవు, విరిగేది అక్కడే.

కొత్తపాస్‌పోర్ట్:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాం. శుక్రవారం రైన్ దారిలో ట్రాబెన్, సాయంత్రం అక్కడే ఒక టేస్టింగ్. శనివారం 9కి సైకిళ్లు, 11కి వేలెన్‌లో ఎస్టేట్, మధ్యాహ్నం బెర్న్‌కాస్టెల్‌లో భోజనం, పడవలో వెనక్కి. ఆదివారం కోఖెమ్‌లో ఆగి ఇంటికి. ట్రియర్ ఇంకోసారి. తప్పులేమైనా ఉన్నాయా?

ట్రోకెన్_తాత:
శనివారం వరస తిప్పండి. 11కి టేస్టింగ్ పెడితే ఆ తర్వాత కూడా సైకిల్ తొక్కాలి. నేరుగా బెర్న్‌కాస్టెల్ పోయి, సైకిళ్లు అక్కడ తిరిగిచ్చే దుకాణమేనా అని ముందే అడిగి ఇచ్చేయండి. తర్వాత భోజనం, 2 గంటలకు అక్కడో నడిచిపోగలిగే గ్రాఖ్‌లోనో టేస్టింగ్, ఆపైన పడవ. వేలెన్ ఎస్టేటే కావాలంటే బెర్న్‌కాస్టెల్ నుంచి టాక్సీ చెప్పుకోండి, దగ్గరే. కొన్న సీసాలు మోయకండి, ఆరు దాటితే ఫ్రాంక్‌ఫర్ట్ చిరునామాకి పార్సిల్ చేయమంటే చేస్తారు.

రైలుకిటికీ:
ఆదివారం ట్రాబెన్–బుల్లాయ్ బండి సమయం చూసి కోఖెమ్ లెక్క వేసుకోండి. బుల్లాయ్‌లో కోబ్లెంజ్ రైలు తప్పిపోతే తర్వాతిదానికి చాలాసేపు కాచుకోవాలి. శుక్రవారం నాలుగో మనిషికి డే టికెట్ 9కి ముందు చెల్లదు కాబట్టి మైంజ్‌లో 9 దాటాకే రైలు మారేలా బయల్దేరండి.